సగం మెట్ల కాడ

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల కుళాయి దగ్గర పెద్ద కోడలు బిందె నింపుతోంది. చిన్న కోడలు చెమటలు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

“ఏటే, అయ్యిందా నీ పరుగు?”

“ఉత్త పరుగు కాదక్కా. ఒక కరెంటు స్తంభం దాకా పరుగు, ఇంకో స్తంభం దాకా నడక. కొత్తోళ్ళకి అలాగే మంచిదంట.”

“కుక్క తరిమితే పరిగెడతారు, ఆగితే నడుస్తారు. దానికి బూట్లు కూడానా! ఇంతకీ ఒళ్ళు తగ్గిందేటి?”

“లేదు.”

“ఎలా తగ్గుతాది? వస్తా వస్తా ఆ బెంగాలీ దాదా కొట్టుకాడ కచోరీలు మింగుతావు.”

“అవి మానీసినాను. తిండి తగ్గకపోతే పరుగొక్కటే చాలదంట.”

“మరెందుకే ఈ వేషం? వీధంతా నవ్వుతున్నాది.”

“నువ్వొక్కర్తివే నవ్వుతున్నావక్కా. నిన్న టేసను వంతెన మెట్లెక్కినకాడి నుంచీ.”

“నవ్వనా మరి? ఇన్నేళ్ళూ బజారు నుంచి వస్తా సగం మెట్ల కాడ ఇద్దరం ఆగేవాళ్ళం, రైళ్ళు చూసేవాళ్ళం. నిన్న నువ్వు ఎనక్కి తిరక్కుండా పైకెళ్ళిపోనావు.”

“ఆయాసం రాలేదక్కా. నువ్వు రాలేదని పైకెళ్ళినాకే తెలిసింది.”

“నాకు మాత్రం ఆయాసమేటి? రైలు చూద్దామని ఆగినాను.”

“ఏ రైలక్కా? నిన్న పట్టాల మీద ఒక్కటీ లేదు.”

బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. పెద్ద కోడలు కుళాయి కట్టలేదు.

“రేపు నువ్వు ఆగినకాడే నానూ ఆగుతానులే అక్కా.”

“జాలిపడి ఆగినావంటే మెట్ల మీంచి తోసెత్తాను!”