తొణకని కారు

ఏం మారుస్తానన్నావే? యాంటీ రోల్ బారా? అందులోనూ లావుపాటిదా? ఆగాగు, అలా ఎగబడి కొనెయ్యకు. కళ్ళు అంత పెద్దవి చేస్తావేం, ఆ కడ్డీ సంగతి నాకు తెలుసమ్మా. కారు కింద ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా అడ్డంగా ఉంటుంది. మలుపులో బండి పక్కకి ఒరిగిపోతుంటే అది మెలితిరుగుతూ, "చాల్లే, నిటారుగా నిలబడు" అని పట్టుకుంటుంది. అంతేనా? చూశావా మరి! మీ తాతయ్య నేర్పారు. నేర్పడమంటే కూర్చోబెట్టి కాదు, నిలువునా తడిపి నేర్పారు.

నువ్వాయన్ని చూడలేదుగా. మెకానిక్కు. కింద షెడ్డు, పైన మేము. ఏది కనబడినా రెండు చేతులతో నొక్కి వదిలేవారు, ఎలా ఊగుతుందో చూడ్డానికి. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు సోఫా నొక్కి చూస్తే, మా నాన్న పాపం "ఏం బాబూ, కుర్చీ వెయ్యమంటావా?" అని ఒకటే కంగారు. అదలా ఉంచు. ఏం చెబుతున్నాను? ఆఁ, అత్తయ్య. మీ తాతయ్య వాళ్ళమ్మ. ఆవిడ ఇంట్లో పులి, కారెక్కితే పిల్లి. మలుపు తిరిగిందంటే కడుపులో ఉన్నదంతా బయటికే. ఆవిడ చెల్లెలేమో కొండ అవతల ఊళ్ళో. దారంతా మెలికలే. ఓసారి బస్సెక్కి, సగంలో దిగిపోయి, నడిచి వెనక్కొచ్చేశారట. అలాంటిది ఆ చెల్లెలు కబురు పంపింది, "నా చూపు పోతోందే అక్కా. మొత్తం పోకముందే నీ మొహం ఒక్కసారి చూడాలి" అని. అత్తయ్య విని, వెళ్ళి గిన్నెలు తోముకున్నారు. శుభ్రంగా ఉన్న గిన్నెలే. మీ తాతయ్య అది చూసి చరచరా కిందికి దిగి, మా పాత కారు కింద దూరారు. 

ఆ మర్నాటి నుంచీ నా పని పట్టారు. వెనక సీట్లో నేను, నా ఒళ్ళో అంచుదాకా నీళ్ళ గిన్నె. కొండ మొదట్లో ఉన్న మలుపుల్లో తిప్పి తీసుకొచ్చి, "ఏ పక్క తడిసింది?" అని అడగడం. లెక్క రాసిపెట్టడానికి అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, వస్తే మాత్రం ఏం, నా బట్టలే ఆయనకి లెక్క! మొదట ముందూ వెనకా లావు కడ్డీలు బిగించారు. మలుపులో బండి బల్లపరుపుగా పోయింది. "చూశావుటోయ్!" అని వెనక్కి తిరిగారో లేదో, ఎడమ చక్రం గుంతలో పడింది. లావు కడ్డీ కదా, ఈ పక్క దెబ్బ ఆ పక్కకీ మోసుకుపోయింది. గిన్నెడు నీళ్ళూ నా మొహాన! సరే, ముందుది పీకేసి వెనకది ఉంచారు. చినుకులు పడుతున్నాయి, మలుపు తిరిగాం. వెనక భాగం సర్రున జారి, వచ్చిన దారి వైపే మొహం పెట్టి నిలబడ్డాం. సైకిల్ మీద పోయేవాడొకడు ఆగి, "ఏం అన్నా, ఇంట్లో ఏమైనా మర్చిపోయారా?" అన్నాడు. నేను నవ్వితే మీ తాతయ్య నా వంక చూసిన చూపు చూడాలి!

ఇక ఆ తర్వాత వెనక సన్నది, ముందు కాస్త లావుది, మెత్తటి స్ప్రింగులు. ఒకటి మార్చడం, తిప్పడం, మళ్ళీ ఒకటి మార్చడం. రెండు ఒకేసారి మార్చేవారు కాదు. "మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందోయ్" అనేవారు. ఆఖరికి ఒకరోజు చుక్క తొణకలేదు. "అమ్మా, పద!" అన్నారు. అత్తయ్య నా పక్కన ముడుచుకుని, తల దించేసుకుని, నా ఒళ్ళో గిన్నెకేసే చూస్తూ కూర్చున్నారు. రెండో మలుపులోనే "ఆపరా!" అని తలుపు తీశారు. పాపం, మీ తాతయ్య గిన్నె వంక చూస్తారు, వాళ్ళమ్మ వంక చూస్తారు. "నీళ్ళు కదల్లేదు, అమ్మ కదిలిందేమిటి?" అత్తయ్య మూతి తుడుచుకుని, "ఏడిశావులే. దాని చేతులు చూడరా! నీ బండి ఒరగకముందే అవి గిన్నెని తిప్పేస్తున్నాయి" అన్నారు. నిజమేనే! ఇన్నాళ్ళు మోసీ మోసీ చేతులకి అలవాటైపోయింది, నాకే తెలీదు. దారి చూస్తూ కూర్చుంటాను కదా, మలుపు కనబడగానే వాటంతట అవే తిరిగిపోతున్నాయి. మీ తాతయ్య రోడ్డు మీదే చతికిలబడ్డారు. అంటే మళ్ళీ మొదటికొచ్చినట్టేగా.

ఈసారి గిన్నెని సీటుకి కట్టేసి చూశారు. కడ్డీ చివర ఇంకో బెజ్జం పొడిచి బిగింపు మార్చారు, టైర్లలో గాలి తగ్గించారు. బాగానే ఉంది. కానీ అత్తయ్య రానంటారే! "నావల్ల కాదురా, చెల్లికి చెప్పెయ్యి" అన్నారు. ఆ మాట చాలా మెల్లగా అన్నారు. నాకేం తోచిందో, కట్టు విప్పి ఆ గిన్నె తీసుకెళ్ళి ఆవిడ చేతుల్లో పెట్టాను. "అత్తయ్యా, ఈసారి మీరు పట్టుకోండి. తొణికితే ఆయన మళ్ళీ కారు కిందే కాపురం పెడతారు." ఎందుకిచ్చానంటే ఏం చెప్పను. ఇచ్చానంతే. ఆవిడ పంతం నీకేం తెలుసు! ముందు సీట్లో నిటారుగా కూర్చుని, రెప్ప వెయ్యకుండా రోడ్డుకేసే చూపు. "ఒరేయ్, ఎడమ పక్క వస్తోంది, మెల్లగా! ఇదిగో కుడి!" అని దారంతా ఆయన్నే తిట్టారు. వాంతి సంగతి మర్చిపోయినట్టున్నారు, మేమూ గుర్తు చెయ్యలేదు. 

ఆ గిన్నెతోనే చెల్లెలి గుమ్మం ఎక్కారు. ఎవరికీ ఇవ్వరే! చెల్లెలు తడుముకుంటూ వచ్చి, "ఏం తెచ్చావే అక్కా?" అంటే, "నీళ్ళే" అన్నారు. ఇద్దరూ ఒకటే నవ్వు. ఆవిడ ఈవిడ మొహాన్ని కిటికీ వెలుగుకేసి తిప్పి, బాగా దగ్గరికొచ్చి చూస్తూ ఉండిపోయింది. మీ తాతయ్య గుమ్మంలో నిలబడి చూశారు. చూసి, "వెనక ఏదో టకటకమంటోంది" అని గొణుక్కుంటూ వెళ్ళి కారు కింద దూరారు. పిలిస్తే రారు. చాలాసేపు అక్కడే ఉన్నారు. టకటక ఏమీ లేదమ్మా. దారంతా వెనక సీట్లో కూర్చున్నది నేనే కదా...