అంచుకి అంటుకున్న అయస్కాంతం

"మామ్మా, మంచి స్టీలుకి అయస్కాంతం అంటుకోదంటారు కదా, మరి ఈ బిందె అంచుకి అంటుకుందేటి?"

ఓలమ్మో, ఏటడిగినావే గుంటా! ఇలా రా, కూకో. ఆ అంటుకోడం వల్లే మీ తాత నాకు దొరికినాడు. నవ్వుతావేటి, నిజివే.

మీ తాత రాజాంలో కొత్తగా స్టీలు సామాన్ల కొట్టెట్టిన దినాలవి. అప్పటికి ఆయనెవుడో నానెవులో. మాదీ యాపారమే, ఆమదాలవలసలో పప్పులూ ఉప్పులూ అమ్మీవోలం. మా అన్న పెళ్ళికి బిందెలు కొందారనీసి మా నాన్నా నానూ బస్సెక్కినాం. బస్సు కాదు, ఉండు, మా మావ లారీ. అవునవును, లారీయే. అప్పుడు అయిదు రూపాయలెడితే ఇద్దరం కడుపు నిండా ఇడ్లీలు తినీసి టీ కూడా తాగీసినాం, ఇప్పుడు టీ నీల్లయినా వస్తాయేటి? సరే, ఏటి సెప్తన్నాను? ఆఁ, బిందె.

అప్పుడు దొంగ స్టీలు శానా తిరిగీది. ఇనప రేకుకి మెరుగెట్టీసి అమ్మీసీవోరు. అందుకే నాను పాత రేడియో స్పీకర్లోది అయస్కాంతం ముక్క కొంగున కట్టుకొని ఎల్లినాను. మీ తాత కొట్లో ఒక బిందె తీసి అడుగున ఎట్టినాను, జారిపోనాది. అంచుకెట్టినాను, టక్కున అంటుకుపోనాది!

"ఇది దొంగ సరుకు!" అని అరిసీసినాను. నా గొంతు తెల్సు కదా నీకు. సంత దినం, ఈదంతా జనం. సేతుల్లో ఉన్న సామాన్లు ఎక్కడివక్కడ ఒగ్గీసి ఎల్లిపోతన్నారు. గల్లా కాడ కూకున్న ఆయనమ్మ, అదే మా అత్త, కళ్ళంట నీల్లెట్టీసుకున్నాది. కొత్త కొట్టు మరి. దొంగోడన్న పేరొస్తే ఇంక ఆ దినానే తలుపులు మూసీసుకోవాల.

మీ తాత మొకం తెల్లబోనాది. అయినా నా మీద కేకలెయ్యలేదు, పారిపోలేదు. బిందెలు ఒత్తీ కార్ఖానాలో ఇన్నాడంట, రేకుని ఒత్తీ కొద్దీ, అంచు వంచీ కొద్దీ అక్కడ గట్టిపడిపోయి, కుంచెం ఇనుము గుణం వచ్చీస్తాదంట. ఎర్రగా కాలిస్తే మళ్ళీ మెత్తబడి ఆ గుణం పోతాదంట. ఇనడమే గానీ తనెప్పుడూ కాల్చి సూడలేదు పాపం. ఆ ముక్క తరవాత సెప్పినాడులే.

"పదండి కొలిమికి," అనీసి బిందె సంకనెట్టుకొని బయిలెల్లిపోనాడు. ఎనకాల నాను, మా నాన్న, ఇంక సంతంతా! కమ్మరి సూరప్ప అంచంతా ఎర్రగా కాల్చినాడు. నాను ఊరికే నమ్మీస్తానేటి? పక్కనే ఒక ఇనప మేకూ కాల్పించినాను. రెండూ నీల్లలో ముంచితే బుస్సుమన్నాయి. సల్లారినాక మేకుకి అయస్కాంతం ఎట్టినాను, ఎప్పట్లాగే అంటుకున్నాది. అంచుకెట్టినాను, కింద పడిపోనాది! మళ్ళీ ఎట్టినాను, మళ్ళీ పడిపోనాది.

ఓలప్పో, జనం ఒకటే ఈలలు! మా నాన్నయితే మీ తాతని వాటేసుకున్నాడు. నాకెంత సంతోసవేసినాదనుకున్నావు, ఓడిపోయినదాన్ని నానే గెంతులేసినాను. ఆ అరిసిన నోటితోనే మళ్ళా అరిసినాను, "అసలు సిసలు స్టీలు, వచ్చి కొనుక్కోండర్రా!" అని. పొద్దుగూకీసరికి కొట్లో గరిటి కూడా మిగల్లేదు.

మా అత్త నా గెడ్డం పట్టుకొని, "ఎవులమ్మాయివే తల్లీ, పెళ్ళయినాదేటి?" అనడిగినాది. మా నాన్న నోరు తెరిసీలోగా మీ తాత, "ముందు ఆవిడికి నాను నచ్చినానో లేదో అడగమ్మా," అన్నాడు. అందరి ముందరా! ఆడపిల్లని, సిగ్గుతో తల దించుకోవాల కదా? దించుకోలేదు.

"నచ్చినాడు!" అనీసినాను. ఈది సివర వరకూ ఇనపడినాదంట.

నువ్వూ ఏటడగాలన్నా గట్టిగా అడుగు తల్లీ. అడిగితే మొకం దాసుకోనోడు నీకూ దొరకాల.