ప్యాషన్ పుట్టుక చెప్పిన దేవదాసు

పెనుకొండ బస్టాండు ఎదురుగా ప్రమీల టీకొట్టు. తెల్లారితే ఆమె కూతురు ఝాన్సీకి కార్ల విడిభాగాల కంపెనీలో ఇంటర్వ్యూ. అది తప్పితే పిల్ల ఊరు విడిచి బెంగళూరు గార్మెంట్స్‌కు పోవాల్సిందే. "నీ ప్యాషన్ ఏమి అని అడుగుతారంట, ఏం చెప్పాలో ఏమో" అని ఆ పిల్ల దిగులుగా అనడమే ఆలస్యం, మేనమామ దేవదాసు గొంతు సవరించుకున్నాడు. మేనకోడలి కోసం ప్రాణమైనా ఇచ్చే మనిషి. ప్రాణం అవసరం లేనప్పుడు కోతలు ఇస్తాడు.

"పోయినేడు ఆ కంపెనీలోనే నన్నూ అదే అడిగిరి పాపా. నేను తొణకలేదు. సార్, ముందు ఆ మాట పుట్టుక తెలుసునా మీకు అంటి. అది లాటిన్ మాట, బాధ పడడమని అర్థం, యేసయ్య సిలువ మీద పడిన బాధకు ఇంగ్లీషోళ్లు పెట్టుకున్న పేరు, మన చర్చిలో శ్రమల దినాలు అంటామే, అదే. మనసుపడి దేనికోసమన్నా తపించిపోతే దాన్నీ ప్యాషన్ అనబట్టిరి రాన్రానూ అంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందప్పా?" అన్నాడు పాలు పోయడానికి వచ్చిన తిమ్మప్ప.

"మేనేజరు చేతిలో పెన్ను జారిపాయ. ఆయప్ప ఏడుస్తా మిషన్లన్నీ ఆపించె. కబురు ధర్మవరం పోయి మగ్గాలు నిలిచిపాయ, హిందూపురంలో రైలు ఆపి డ్రైవరు దిగి వినె. సాయంత్రానికి లండన్ నుంచి డిక్షనరీ రాసేటోళ్లు హెలికాప్టర్లో మన కొండ మీద దిగిరి. ఆ గాలికి కోట గోడ జానెడు పక్కకు జరిగింది, కావాలంటే పోయి చూడు!"

"లండనోళ్లకు దారి ఎవరు చెప్పిరన్నా?" అంది ప్రమీల టీ వడగడుతూ.

"నేనే, ఫోన్లో. హిందూపురం మీదుగా వస్తే దగ్గరని. దిగీ దిగంగానే నా కాళ్ల మీద పడి, దేవదాసూ, ఇంగ్లీషంతా నీ చేతిలో పెడతాండాం, ఏ మాటకు ఏ అర్థమో ఇంక నువ్వే చెప్పు అనిరి. నాకు తీరిక లేదంటి."

దేవదాసు ఛాతీ ఉప్పొంగింది. ఉద్యోగం పిల్ల చేతికి వచ్చినట్టే అనిపించింది. ఝాన్సీ మాత్రం నవ్వలేదు.

"అర్థం బాగుండాది మామా. రేపు అదే చెప్తా. ఒక్కటి చెప్పు, అది విని నీకు ఉద్యోగం ఇచ్చిరా?"

ఇంకో కోత నోటిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది పొద్దున్నే ఆ కంపెనీ గేటు దాటి పోవాల్సిన పిల్ల. దేవదాసుకు సిగ్గేసింది.

"లేదు పాపా. సగం చెప్పేలోపలే, నెక్స్ట్ అనిరి."

"మంచిదాయ మామా," అంది ఝాన్సీ లేస్తూ. "రేపు ఏం చెప్పకూడదో తెలిసె."