మోతీలాల్ చదివించని రెండు లక్షలు

గా గొంతు నాదే మేడం, ఎవరు కాదన్నరు? జర ఆ ఫోన్ బంద్ జెయ్యుండ్రి. పొద్దుగాల సంది అదే వీడియో తిప్పి తిప్పి ఇనిపిస్తున్నరు. పెండ్లిల ఇంటే మస్తు కమ్మగుండె. గీ ఇన్‌కం ట్యాక్సోళ్ల ముంగట ఇంటే నాకే చెమటలు వడ్తున్నయి.

పేరా? వేములపల్లి గౌరయ్య. పనంటే, పెండ్లిళ్లల్ల చదివింపులు చెప్త. ఎవరేం కట్నం పెట్టిండ్రో నలుగురికి ఇనవడేటట్టు మైకుల చెప్పుడు. బడికి మూడేండ్లు గూడ సక్కగ వోలే గని, గీ పనిల నన్ను కొట్టెటోడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మొత్తం దేవులాడినా దొరకడు. మిర్యాలగూడల నేను మైకు వడితే హాలియాల కుక్కలు మొరుగుడు బంద్ జేస్తయి. కోదాడల ఒకపారి రోడ్డు మీద వోయే బెజవాడ బస్సు ఆగింది! డ్రైవర్ దిగొచ్చి, పిల్లెవరో పిలగాడెవరో ఎరుక లేకున్నా నూట పదహార్లు రాయించి, లడ్డు తిని వోయిండు. నవ్వకుండ్రి మేడం, ఒట్టు!

సరే సరే. అసలు ముచ్చటకే వస్తున్న.

సూర్యాపేటల ఇంజనీర్ జగదీశ్ సార్ కొడుకు పెండ్లి. సార్ బావమర్ది నన్ను వంటలకాడికి తోల్కవోయి చెవుల ఊదిండు. "గౌరయ్యా, ఇయ్యాల అన్నీ లక్షలల్లనే చదువు. పేర్లు నువ్వే పెట్టు. నీకు తెల్వని ఊరున్నదా?" అన్నడు.

ఎందుకంటరేంది, మీకు తెల్వదా? బిల్లు బిల్లుకు కాంట్రాక్టర్లు పెట్టిన పైసలు. తీసుకునుడు అల్కగనే ఉంటది మేడం, దాసుడే పరేషాన్. మీరు నోట్లు బంద్ జేస్తిరి, వాళ్లు మా అసొంటోళ్లను బ్యాంకు లైన్ల నిలవెట్టిరి. నేను గూడ నిలవడ్డ, ఇడ్లీ వెట్టిచ్చిండ్రు. తర్వాత ప్లాట్లు గొనిరి. ప్లాటుకు ఆధార్ అడిగితిరి, బంగారం గొనిరి. బంగారానికి పాన్ కార్డు అడిగితిరి, ఇగ పెండ్లి జేసిరి! పెండ్లి కట్నానికి పన్ను లేదంట గద? మీ కానూన్ల తొర్ర యాడున్నదో మీకన్న ముందు వాళ్లకే తెలుస్తది.

చదివిన మేడం. దంచిన! "పాలకీడు తండా నుంచి మోతీలాల్ గారు, అక్షరాల రెండు లక్షల రూపాయలు!" హాలంత చప్పట్లు.

మోతీలాల్ ఆడనే బంతిల కూసొని తింటున్నడు. సార్ తోటల కూలికి వోతడు, గందుకని పిలిచిండ్రు. ఒకప్పుడు నేనూ వాడూ మిల్లుల బస్తాలు మోసినోళ్లమే. వాడు పెట్టింది నూట పదహార్లు. ముద్ద నోట్లనే ఆగింది. నా దిక్కు సూసిండు, అంతే. పక్కన ఎవరో మిల్లు సేటు, "ఏం మోతీలాల్, గట్టోనివే!" అని కుర్చీ జరిపి దగ్గర కూసోవెట్టుకున్నడు. వానికి జిందగీల ఎవడన్న కుర్చీ జరిపిండా? కూసున్నడు.

ఆడికి ఖతం అయితే బాగుండు. గని మా దిక్కు రివాజున్నది గద మేడం, పెట్టిన కట్నం తిరిగి పెట్టాలె! నా ఇంట్ల నువ్వెంత పెడ్తే నీ ఇంట్ల నేను అంతకు తక్కువ పెట్టొద్దు. గంత సదివిన ఇంజనీరుకు గీ సంగతి యాదికి రాలే సూడుండ్రి! నెల తిరగకముందే, నేను గట్లనే లక్షలల్ల పేర్లు చదివిన పేదోళ్లు కార్డులు వట్టుకొని సార్ గేటుకాడ నిలవడ్డరు. ఒకడు బిడ్డకు చీరల ఫంక్షన్ అంటడు, ఒకడు కొత్తింట్ల పాలు పొంగిస్తున్న అంటడు. ముత్తమ్మ అని ఒక ముసల్ది, మా బర్రె ఈనింది, దానికి గూడ దావత్ జేస్తున్న రమ్మన్నది! "అయ్యా, మైకుల అందరు ఇన్నరు. మాది మాకు పెట్టు." వాచ్‌మన్ కట్టె వట్టుకొని ఎల్లగొట్టిండు. మస్తు లొల్లి. గా లొల్లిలనే ఎవడో కడుపు కాలి ఈ వీడియో మీ దాంక పంపిండు.

మోతీలాల్ మాత్రం గేటుకాడికి వోలే.

వానికి సర్కారు ఇల్లు రావాలె మేడం. లిస్టుల పేరు గూడ ఎక్కింది. ఆలుమొగలు టార్పాలిన్ కిందనే ఉంటరు. గిట్టనోడెవడో వోయి గా లిస్టు రాసెటోళ్లకు అదే వీడియో సూపెట్టిండు. రెండు లక్షల కట్నం పెట్టెటోనికి సర్కారు ఇల్లెందుకన్నరు, పేరు కొట్టేసిండ్రు. పైనుంచి మీ నోటీసొకటి, గా పైసలు నీకు యాడియి అని!

నిన్న వాని పెండ్లాం కమ్లి మా ఇంటికొచ్చింది. తిట్టలే. తిడితే బాగుండు. "గౌరన్నా, వానొస్తే పిండి డబ్బా ఒళ్లె వెట్టుకొని కూసుంటున్న" అన్నది. గంతే. మంచినీళ్లిస్తే తాగకుండనే వోయింది. వాళ్లే, గా బయట బెంచి మీద కూసున్నది.

భయమా? నాకేం భయం! ...ఉన్నది మేడం. పొద్దుగాల సార్ బావమర్ది ఫోన్ జేసిండు. "ఇచ్చిండ్రనే చెప్పు. లేకుంటే ఇగ నీ చేతికి మైకిచ్చెటోడు ఉండడు" అన్నడు. వాడన్నది నిజమే. ఆఫీసుల నోరు ఇప్పినోన్ని ఏ పెండ్లికి పిలుస్తరు? ఎంత చిన్న ఇంట్లనన్న దాసేది ఒకటుంటది. నాకా, ఈ గొంతు తప్ప ఇంకో పని రాదు. బస్తా ఎత్తుదామంటే నడుము లేవది.

రాసుకోండ్రి మేడం. మోతీలాల్ పెట్టింది నూట పదహార్లే. మిగిలిందంత నా నోరు పెట్టింది. తక్కినోళ్లవి గూడ గట్లనే. సార్ పైసలకు నేను పేర్లు తొడిగిన.

వేలిముద్ర ఎందుకు, సంతకం వస్తది నాకు. గంత తక్కువ జెయ్యకుండ్రి.

అయితే ఇగ వాని ఇల్లు వానికొస్తది, గంతే గద?

ఏందీ? మీ చేతుల లేదా? ఇండ్ల ఆఫీసు వేరేనా? మరి మీరు సార్‌ను పట్టుకుంటే గూడ వాని పేరు మళ్ల ఎక్కదా? దరఖాస్తు వెట్టుకోవాలె... ఎప్పటికొస్తది? ఆ, మీకు గూడ తెల్వదు.

మంచిగున్నది!

సరే, గా రాసిన దానికి జిరాక్సొకటి ఇయ్యుండ్రి. వాన్ని తీస్కొని ఆ ఆఫీసుకు గూడ వోత. ఆడ గూడ నేనే మాట్లాడాలె. వానికి నలుగురిల నోరు లేవది మేడం.

లేవదనే గద వాని పేరు చదివిన.