పదకొండు మంది, ఒక్క పావుగంట

అక్కని పిలవకు బావా. టీ వద్దు, ఏం వద్దు. గురువారం కోర్టులో నువ్వు పెట్టింది చాలు, ఇంకా అరగలేదు.

ఒక్క మాట అడుగుతా, చెప్పు. ఇన్నేళ్లలో నన్ను ఎప్పుడైనా 'మీరు' అన్నావా? మా అక్కని చేసుకున్ననాటికి నాకు మీసాలు కూడా రాలేదు. అప్పట్నుంచీ 'ఒరేయ్' అనే కదా పిలుపు! అలాంటిది నేను బోనెక్కగానే, 'మీరు ట్రాఫిక్ పోలీసు శాఖలో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారండీ' అన్నావు చూడు... అండీ! అప్పుడే అనుకున్నా, ఇవాళ్టితో నా పని సరి అని.

నవ్వకు. ఆపుకుంటున్నావని తెలుసులే. పెన్ను మూత నములుతున్నావంటేనే అర్థం.

నీకు నవ్వే. నిన్న నాకు మెమో ఇచ్చారు. తప్పుడు రికార్డు రాశానట. మంగళవారం విచారణ. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం బావా! ఊడితే ఊడినట్టే. ఈ వయసులో నాకు ఇంకెవడిస్తాడు? రోడ్డు మీద చెయ్యెత్తి బళ్లు ఆపడం తప్ప ఇంకేం వచ్చు నాకు?

అసలు ఆ పెద్దమనిషి, నీ క్లయింటు, తాగాడా లేదా? ముందు అది చెప్పు. టైల్స్ కొట్టు ఓనరు కాదు, మహారాజు కానీ! పట్టపగలు మూడింటికి, ఒక చక్రం డివైడరు మీద, మూడు చక్రాలు రోడ్డు మీద పెట్టుకుని వంతెన దిగాడు. ఆపి లైసెన్సు చూపించమంటే కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టాడు. 'ఫొటో పాతది, అందుకే మీరు గుర్తుపట్టట్లేదు' అన్నాడు. మెషిన్లో ఊదితే ఉండాల్సినదానికి నాలుగింతలు. అలాంటివాడు గురువారం కేసు కొట్టేయించుకుని, కోర్టు మెట్లు దిగుతూ నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. కారులో. తనే నడుపుకుంటూ!

నా పని అది అంటావు. తెలుసు, వందసార్లు విన్నా. నీ క్లయింటు తాగలేదని నువ్వెప్పుడూ అనవు. ఆ మాట నీ నోట ఒక్కసారి కూడా వినలేదు. నువ్వడిగేవన్నీ వేరే. బండి ఎందుకు ఆపారు, కారణం రాశారా? మెషిన్ని ఆఖరుసారి ఎప్పుడు సరిచూపించారు, ఆ కాగితమేదీ? ఊదే గొట్టం కొత్తదేనా, కవరు అతని కళ్లముందే చింపారా? రక్తం తీస్తే సీసాకి సీలు వేసిందెవరు, ల్యాబుకి చేరేదాకా ఎవరి బీరువాలో ఉంది? తాగినవాడొక్కడు తప్ప అందరూ ముద్దాయిలే నీకు!

పోయినేడాది ఆ పళ్ల డాక్టరు కేసే చూడు. మెషిను కాగితానికి గడువు దాటి నాలుగు రోజులు. అంతే. ప్రాసిక్యూటరుగారిని పక్కకి పిలిచి ఏం మాట్లాడావో, తాగి నడపడం కాస్తా అజాగ్రత్తగా నడపడం అయిపోయింది. పాము చావలేదు, కర్ర విరగలేదు. లైసెన్సు జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.

నిజం చెప్పాలంటే అప్పుడు నేనే నిన్ను మెచ్చుకున్నా. ఆ కేసు నాది కాదుగా, పక్క స్టేషను వాడిది. వాడు తల పట్టుకుని కూర్చుంటే మేమంతా పడీపడీ నవ్వాం.

ఈసారి నా వంతొచ్చింది.

ఊదించే ముందు మనిషిని ఎదురుగా పెట్టుకుని పదిహేను నిమిషాలు చూడాలి. ఆ పావుగంటలో అతను ఏమీ తినకూడదు, తాగకూడదు, తేన్చకూడదు. నోట్లో మిగిలిన మందు తడికే అంకె ఎగిరిపోతుందని కదా! చాలా బాగుంది. రాసినవాడికేం, ఫ్యాను కింద కూర్చుని రాశాడు. వచ్చి వంతెన కింద ఎండలో నిలబడమను!

ఒక్కటే మెషిను. మనుషులం ఇద్దరం. వెనక కార్ల బారు, చెవులు చిల్లులు పడేలా హారన్లు. పొద్దున్నే మా పెద్దాయన ఫోను, ఇరవై పరీక్షలకి ఒక్కటి తగ్గినా ఊరుకోనని. మనిషికో పావుగంట చొప్పున మొహాలు చూస్తూ కూర్చుంటే గంటకి నలుగురు. నువ్వే లెక్కేసుకో.

అందుకని ఏం చేస్తాం? డ్యూటీకి దిగగానే ఫారాలు జీపు బానెట్ మీద పరుచుకుని ముందే రాసి పెట్టుకుంటాం. 'గమనించిన సమయం మూడూ పది నుంచి మూడూ ఇరవై అయిదు.' సంతకం కూడా అప్పుడే. పేరు, బండి నంబరు, మెషిను చూపించిన అంకె మాత్రం మనిషి దొరికాక నింపుతాం. నేనొక్కణ్ణే కాదు, అందరం అంతే. నాకు పని నేర్పినాయనా అలాగే నేర్పాడు. మామూలుగా అయితే టైములు అటూ ఇటూ మార్చి రాస్తా. ఆ రోజు ఎండకి బుర్ర పనిచెయ్యలేదు, అన్నిట్లోనూ ఒకటే గీకేశా. నా ఖర్మ.

ఇంకో లాయరైతే తన క్లయింటు ఫారం ఒక్కటి చూసి ఊరుకునేవాడు. నువ్వు ఆ రోజు నేను కేసు రాసినవాళ్లందరివీ తెప్పించావు! పదకొండూ జడ్జిగారి బల్ల మీద పేకముక్కల్లా పరిచావు. 'సాక్షిగారూ, ఈ పదకొండు మందినీ ఒకే పావుగంటలో, ఒక్కొక్కరినీ రెప్ప వెయ్యకుండా చూశారన్నమాట. మరి వాళ్లలో ఎవరైనా తేన్చారాండీ?'

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. టైపు చేసే ఆవిడ చెయ్యి ఆపేసి మరీ నవ్వింది. నేనేమన్నా? 'గుర్తులేదండీ' అన్నా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చొక్కా సర్దుకున్నా కూడా.

లోకంలో అందరూ ఇంట్లో పులి, వీధిలో పిల్లి. నువ్వు తిరగేసి పుట్టావు. మా అక్క గట్టిగా ఒక్క కేక వేస్తే ఈ కుర్చీ కిందికి దూరతావు, కోర్టుకెళ్లి నా మీద పంజా విసురుతావా?

పోనీ, ఫారం మీద సంతకం నాదని నీకు ముందే తెలుసు కదా! ఒరేయ్, ఈ కేసు నేను తీసుకున్నా, ఒళ్లు దగ్గర పెట్టుకో అని ఒక్క మాట...

ఏంటీ? చెప్పకూడదా? సరే, చెప్పకూడదు. ఒప్పుకున్నా. మరి అంతకుముందు ఆదివారం భోజనానికి పిలిచి, వద్దు వద్దంటున్నా నా పళ్లెంలో రెండోసారి కూర వడ్డించావే! అప్పటికే ఆ పదకొండు కాగితాలూ నీ సంచిలో ఉన్నాయా, లేవా?

చూశావా. ఉన్నాయి.

అది మండుతోంది బావా నాకు. ఓడిపోవడం కాదు. ఆ కూర.

సరే, విను. ఇంకో సంగతుంది. అక్క వినకూడదు, ఆ తలుపు కాస్త దగ్గరికి లాగు.

ముందే రాసిపెట్టుకోవడం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. ఒట్టు. తాగినవాడు తాగినవాడే, పావుగంట ఆగితే దిగిపోతుందా అనుకునేవాణ్ణి. నువ్వు ఆ ఫారాలు పరిచినప్పుడు అందరూ నీ క్లయింటుదే చూస్తున్నారు, ఏడోది. నేను నాలుగోది చూశా.

టాక్సీ డ్రైవరు. నలభై అయిదేళ్లుంటాయి. మాట తడబడలేదు, కాలు తూలలేదు. 'సార్, ఇప్పుడే దగ్గుమందు తాగాను, అందులోనూ స్పిరిటు ఉంటుందట, సీసా ముందరే ఉంది చూడండి. కాసేపాగి మళ్లీ ఊదుతాను సార్' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'నా దగ్గరికొచ్చాక అందరికీ దగ్గే' అన్నా. వెనక బారులో ఎవడో నవ్వాడు కూడా. అంకె గీత మీద వెంట్రుకవాసి ఎక్కువ. వెంట్రుకవాసి! రాసేశా. సీసా చూడలేదు. చెయ్యి చాస్తే అందేది, చూడలేదు.

ఆ పావుగంట పెట్టిందే అలాంటివాడి కోసమని జడ్జిగారికి చెప్పావు కదా. బోనులో నిలబడి నేనూ విన్నా. పంతొమ్మిదేళ్లలో ఆ మాట చెవికెక్కడం అదే మొదలు.

లేదు, అతను లాయర్ని పెట్టుకోలేదు. మొదటి వాయిదాకే తప్పు ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుంటే తొందరగా తేలిపోతుందని కోర్టు వరండాలో ఎవరో చెప్పారు. ఎవరో ఏంటి, నేనే చెప్పా. మంచికే చెప్పాననుకున్నా. లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు, టాక్సీ కంపెనీ తీసేసింది. మొన్న మార్కెట్లో కనపడ్డాడు, ఉల్లిపాయల బస్తాలు దించుతున్నాడు. ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. నన్ను చూసి తల వంచి పలకరించాడు బావా. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మంచినీళ్లు ఇలా ఇవ్వు.

నిన్ను కడిగేసి పోదామని వచ్చానని గుమ్మంలో అక్కతో అన్నా. అబద్ధం. ఇదిగో మెమో. రెండో పేజీ చూడు. మేం వంతెన దగ్గర బళ్లు ఆపింది ఆరో తారీఖున. వీళ్లు ఏడు అని కొట్టారు. ఏడున నేను సెలవు, కాగితముంది. డ్యూటీలోనే లేనివాణ్ణి తప్పుడు రికార్డు ఎలా రాస్తా? ఇది నిలబడదు కదా? కింద సంతకం ఉంది గానీ హోదా ముద్ర లేదు, అదీ చూడు.

ఏంటలా చూస్తావు? నీ దగ్గర నేర్చుకున్న విద్యే. గురువారం నేర్చుకున్నా.

నువ్వు నా తరఫున రాకూడదంటే రాకు. జవాబు రాసిపెట్టు చాలు, సంతకం నేనే పెడతా.

టాక్సీ డ్రైవరా?

అతని కేసు తిరగదోడాలంటే నేను వచ్చి నిజం చెప్పాలి కదా. పావుగంట కాదు, అతని ముందు నాలుగు నిమిషాలు కూడా నిలబడలేదని చెప్పాలి. ఆ మాట అన్నాక, తేదీ తప్పయితేనేం, ముద్ర లేకపోతేనేం? నా ఉద్యోగం ఉంటుందా?

తెలుసు బావా. నువ్వు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. అతనికి నీలాంటి బావ లేడు. నాకున్నాడు.

రాయి. ముందు తేదీ సంగతి రాయి.