పాతికేళ్ళకి సరిపడా

మలికిపురం కొబ్బరి కొట్లో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసిన రాజేంద్ర ఆ పూట పని పూర్తిగా మానేసి ఇంటికొచ్చాడు. పీట ముందు కంచం పెట్టిన భార్య కనకమహాలక్ష్మితో, ఇక ఉన్న డబ్బుతోనే బతకాలని చెప్పాడు.

"అలాక్కాదండీ, మళ్ళీ చెప్పండి. మొత్తం ఎంతుంది?"

"పద్దెనిమిది లక్షలు. పొలం అమ్మిందీ, నేను దాచిందీ కలిపి."

"ఇంకో రెండేళ్ళు చేస్తానన్నారు కదా. షావుకారుగారు పొమ్మన్నారా?"

"ఆయనేం అన్లేదు. నాకే ఓపిక లేదు. పులుసు వెయ్యి."

"వేస్తానండీ, పులుసు ఎక్కడికీ పోదు. ఈ డబ్బు ఎన్నాళ్ళొస్తది?"

"పాతికేళ్ళు. నెలకి ఆరువేల చొప్పున. వచ్చే వడ్డీ, పెరిగే ధరలకి సరి."

"ఆరువేలా? గ్యాసు, కరెంటు, బియ్యం, మీ బీపీ మాత్రలు..."

"మాత్రలు అక్కర్లేదులే."

"డాక్టరుగారు మానెయ్యమన్నారా?"

"మానెయ్యమన్నట్టే."

"మానేసినా సరే, ఆరువేలతో ఇద్దరం ఎలా బతుకుతాం? అడిగితే పెట్టడానికి మనకి పిల్లా జెల్లా ఉన్నారా? పోనీ తొందరగా పోతామా అంటే, మీ వంశంలో తొంభై దాటకుండా పోయినోళ్ళు లేరు. మీ నాన్నగారు పోయే రోజు కూడా ఆవకాయ కలిపి పెట్టమన్నారు."

"ఆయన సంగతి వేరు."

"ఏం వేరు? నాకు భయంగా ఉందండీ. ముసలితనంలో ఎవరి గుమ్మం ముందు నిలబడతాం? రేపట్నించి నేను పక్కింటి వీరవేణితో కొబ్బరి పీచు పనికెళ్తాను."

"నీ నడుముతోనా? వద్దు. లెక్క సరిగ్గానే ఉంది."

"ఎక్కడుందండీ? ఇద్దరికి పదివేలన్నా..."

"నీకు సరిపోద్ది, కనకం."

"నాకా? మరి మీకో?"

"అన్నం చల్లారిపోతుంది."

"నా మొహం చూసి చెప్పండి. మొన్న కాకినాడ వెళ్ళింది కొట్టు పని మీదేనా?"

"ఆసుపత్రికెళ్ళేను."

"దేనికి?"

"కాలేయం పాడైపోయిందంట. మార్చకపోతే ఏడాది దాటడం కష్టమన్నారు."

"ఓరి దేవుడా. నాకు చెప్పకుండా ఎలా ఉన్నారండీ ఇన్నాళ్ళూ? మార్పించేద్దాం. ఎంతవుద్దంట?"

"పదిహేను లక్షలు. సర్కారు కార్డు మీద ఉచితంగా అవదంట, అడిగేను."

"ఉన్నాయి కదండీ పద్దెనిమిది. మార్పిస్తే బతుకుతారా?"

"బతుకుతానన్నారు. ఆ తరవాత ఇద్దరం ఏం తినాలో మాత్రం చెప్పలేదు."