అగ్గిపెట్టెంత తావు

నవ్వుతాండావు గదమ్మా తనూజా. నవ్వులే, నీ మిషన్ గెలిచింది. నాకే నవ్వు రాల్యా.

ఏందీ, మల్లా చూపిస్తావా? చూసినా గదమ్మా. పోయినసారి తీసిన గీత, ఈపొద్దు తీసిన గీత. ఒగదాని మింద ఒగటి పెడితే రెండోది కనపడనే లేదు. మెదడులో ఉండే రసాయనాలు అప్పుడెంతో ఇప్పుడూ అంతే అంటివి. ఇంక మిషన్‌ను నమ్మొచ్చు, రేపు రోగమొచ్చినోళ్లకు తేడా వస్తే అది రోగమే గానీ మిషన్ తప్పు గాదని చెప్పొచ్చు అంటివి. మంచిదే. నీ చదువుకు మంచిదే.

షుగరూ బీపీ లేని ఆడమనిషి కావాలని మీరడిగితే మా వీధిలో ఉండే మాబున్ని అనే ఆమె నన్ను ఈడికి తీసుకొచ్చింది. ప్రొద్దుటూరు గుడ్డలంగళ్లకు చీరల ఫాల్ కుట్టుకునేదాన్ని, ఎమ్మారై అంటే నాకేం తెలుసు? నువ్వే ఓపిగ్గా చెప్పినావు. అదే మనిషి, తలకాయలో అదే తావు, నుదురు ఎనక అగ్గిపెట్టెంత తావు. రెండుసార్లూ కదలకుండా పండుకోవల్ల. మధ్యలో కొత్త మాత్రలు మింగగూడదు. ఇంట్లో పెద్ద సంగతేమన్నా జరిగింటే ముందే చెప్పల్ల అన్యావు.

ఈ పొద్దున గూడా అడిగినావు. ఏమీ లేదంటి.

మా ఆయన పోయినాడు తనూజా.

అట్ల చూడొద్దు, కూచో. పోయినసారి నువ్వు గీత తీసినాకనే కువైట్‌లో పోయినాడు. ఆడ రొట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తాండె. గదిలో తోడుండే ఖలీల్ ఫోన్ చేసి, "నూరుల్లా భాయ్ లేడు భాభీ" అన్యాడు. గుండెపోటంట. మయ్యత్‌ను అంటే శవాన్ని ఈడికి తెప్పించేది శానా కష్టమని, మా మరిది అన్సర్ ఆడనే మట్టి చేయమని చెప్పేసినాడు. నన్ను అడగల్యా. నేను ముఖం గూడా చూడల్యా.

ఇంటినిండా ఆడోళ్లు వచ్చి కూచున్యారు. నేనెప్పుడు ఏడుస్తానా అని చూస్తాండారు. నాకు ఒక్క సుక్క రాల్యామ్మా. ఏం చేయాల్నో తెలియక లేసి అందరికీ టీ పెట్టినా. చావింట్లో పొయ్యి ముట్టించగూడదు, పక్కిండ్లోళ్లే తెచ్చి పెట్టల్ల. నాకు తెలియనిదా అది? చెయ్యి ఊరికే ఉండల్యా. జమ్మలమడుగు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ కౌసర్ గ్లాసు ఎనక్కి తోసి, "నువ్వు మనిషివేనా?" అనింది.

ఆ మాట నన్ను ఇడవల్యా. కౌసర్ తిట్టిందని గాదు, నిజమేనేమో అని. నిఖా చేసుకున్న మనిషి పోతే లోపల ఏమీ కాకుండా ఉంటాదా? నాకు తెలియకుండా లోపల ఏదో తగ్గింటాదని అనుకున్యా. మరి ఎవురు చూసి చెప్పల్ల? నువ్వు గుర్తొచ్చినావు.

మాలో మొగుడు పోయిన ఆడది ఇద్దత్ అని కొన్ని నెలలు ఇల్లు దాటదు. ఆస్పత్రికయితే పోవచ్చు. తలనొప్పి అని అబద్ధం చెప్పి బుర్ఖా ఏసుకోని ఆటో ఎక్కినా. నీకు చెప్తే నన్ను తీసేస్తావని నీకూ చెప్పల్యా. ఆ గొట్టంలో చప్పుడు డబడబ కొడతాంటే, "ఖమర్‌బీ అమ్మా, కదలొద్దు" అని నువ్వు మైకులో అంటాంటే, నేను లోపల దువా చేసుకుంటాండా. యా అల్లా, ఈసారి ఏదో ఒగటి తక్కువ రావల్ల అని.

నువ్వేమో రెండూ ఒకటేనని నవ్వుకుంటా వచ్చినావు.

ఏందీ, అది దుఃఖాన్ని కొలిచేది గాదా? రసాయనాల్నే కొలుస్తాదా, అదీ ఆ తావులోనే? సరే. మరి నా దుఃఖం ఆ అగ్గిపెట్టెకు పక్కన ఉందేమో. రవ్వంత జరిపి చూడరాదా? అవునవును, జరపగూడదు. జరిపితే పోయినసారి దాంతో పోల్చేదానికి కాదని నువ్వే చెప్పినావు.

నేను దాచిపెట్టినాను గాబట్టి నా లెక్క కొట్టేయల్లేమో. కొట్టేయ్‌మ్మా, నాకేం కోపం లేదు. అదేంది, నువ్వేడుస్తాండావా? ఆయన్ను ఎప్పుడూ చూసినదానివి గూడా గాదు. చూడు, నీకెంత సులభంగా వచ్చేసినాయో.

తుడుచుకో. మీ మిషన్ తప్పు చెప్పల్యా. నిఖా అయిన ఏడాదే ఆయన విమానం ఎక్కినాడు. బిడ్డలు నిలవల్యా. ఎప్పుడన్నా వచ్చి చుట్టం మాదిరి ఉండి పోయేటోడు. వచ్చినప్పుడు ఏం మాట్లాడల్నో తెలిసేది గాదు. పోయినాక ఒక్కదానికే వండుకునేది, గోడ దిక్కు తిరుక్కోని తినేది. ఆయన పోయిన రోజు గూడా నా ఇంట్లో ఏ వస్తువూ తావు మారల్యా.

పోయినసారి నువ్వు పండబెట్టి తీసింది గూడా మొగుడు లేనిదాన్నే తనూజా. అప్పుడు మనిద్దరికీ తెలియదు, అంతే.